ఏ జన్యువు వల్ల ఈ జబ్బు? రోగకారక ఫంగస్‌లలో జీన్ ఎడిటింగ్ తేల్చగలిగేది, తేల్చలేనిది

మందుకు లొంగని ఫంగస్‌ను ఒక రోగి నుంచి సేకరించి, దాని జీనోమ్‌ను, అంటే డీఎన్ఏ మొత్తాన్ని, చదివించారనుకుందాం (సీక్వెన్సింగ్ అంటే ఇదే). అదే జాతిలో మందుకు లొంగే మరో ఫంగస్‌తో పోల్చి చూస్తే తేడాలు ఒకటీ రెండూ ఉండవు. వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ ప్రభావమూ లేనివే. మందును ఓడించింది వాటిలో ఏదో ఒకటి, లేదా రెండు మూడు కలిసి. అవి ఏవన్నదే ప్రశ్న. సీక్వెన్సింగ్ ఇచ్చేది అనుమానితుల జాబితా వరకే. దోషి ఎవరో తేలాలంటే, అనుమానం ఉన్న ఒక్క మార్పును మందుకు లొంగే ఫంగస్‌లో పెట్టాలి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచాలి, అప్పుడది మందును తట్టుకుంటుందేమో చూడాలి. ఆ తర్వాత మొండి ఫంగస్‌లో అదే మార్పును సరిదిద్ది, అది మళ్ళీ మందుకు లొంగుతుందో లేదో కూడా చూడాలి.

మనుషులకు జబ్బు తెచ్చే ఫంగస్‌లలో జీన్ ఎడిటింగ్ ఇప్పటివరకు చేసిన పెద్ద పని ఇదే. జన్యువులను కోసి మార్చే పరికరమైన క్రిస్పర్ పేరు వినగానే, దాన్ని రోగి శరీరంలోకి పంపి ఫంగస్‌ను చంపేస్తారన్న ఊహ చాలామందికి వస్తుంది. వార్తల శీర్షికలు కూడా ఆ ఊహనే పెంచుతుంటాయి. ప్రయోగశాలల్లో జరిగేది అంత నాటకీయంగా ఉండదు. అక్కడ దీన్ని రుజువు కోసం వాడతారు. ఆ రుజువు సంపాదించడం ఫంగస్‌లలో ఎందుకంత కష్టమైంది, ఇప్పుడు ఎంత తేలికైంది, తేలికైనా ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది అన్నవే ఈ వ్యాసంలో చూడాల్సిన విషయాలు.

ముందు సమస్య ఎంత పెద్దదో చెప్పుకోవాలి. ప్రాణాంతక ఫంగల్ ఇన్ఫెక్షన్లు ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 65 లక్షల మందికి వస్తున్నాయని, వాటితో ముడిపడ్డ మరణాలు సుమారు 38 లక్షలని, అందులో నేరుగా ఫంగస్ వల్లే పోయేవారు 25 లక్షల దాకా ఉంటారని 2024లో డేవిడ్ డెన్నింగ్ ప్రచురించిన అంచనా చెబుతోంది. ఇవి అంచనాలే. చాలా దేశాల్లో ఫంగల్ జబ్బులను సరిగా నిర్ధారించే పరీక్షలే అందుబాటులో లేవు కాబట్టి అంతకంటే గట్టి లెక్క దొరకడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో మొదటిసారిగా 19 ఫంగస్‌లతో ఒక ప్రాధాన్య జాబితా విడుదల చేసింది. అందులో అత్యంత ప్రమాదకరమైన వర్గంలో పెట్టినవి నాలుగు: క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్, క్యాండిడా ఆరిస్, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్, క్యాండిడా ఆల్బికన్స్.

వీటి మీద వాడే మందులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని రకాలే. ఫ్లూకొనజోల్ వంటి అజోల్స్, ఆంఫోటెరిసిన్ బి, ఎకైనోక్యాండిన్లు, వీటికి తోడు ఫ్లూసైటోసిన్. కొత్తవి ఒకటీ అరా వస్తున్నా ప్రధానంగా ఇవే. బ్యాక్టీరియాకు ఉన్నన్ని యాంటీబయాటిక్‌లు ఫంగస్‌లకు లేకపోవడానికి కారణం జీవపరిణామంలో ఉంది. ఫంగస్‌లు మొక్కల కంటే జంతువులకే దగ్గరి చుట్టాలు. వాటి కణంలోని యంత్రాంగం చాలావరకు మన కణంలోనూ ఉంటుంది. ఫంగస్‌ను చంపే విషం మనల్నీ దెబ్బతీయడం మామూలే. అందుకే ఫంగస్‌కు తప్పనిసరై, మనలో లేని జన్యువులను వెతకాలి. వెతికినవి నిజంగా తప్పనిసరివా కాదా అన్నది మళ్ళీ వాటిని తీసేసి చూస్తేనే తెలుస్తుంది.

ఈ పద్ధతికి 1988లో స్టాన్లీ ఫాల్కో అనే సూక్ష్మజీవి శాస్త్రవేత్త ఒక చట్రం ఇచ్చాడు. ఒక జన్యువు జబ్బుకు కారణమని చెప్పాలంటే, దాన్ని పాడుచేసినప్పుడు సూక్ష్మజీవి జబ్బు తెచ్చే శక్తి తగ్గాలి, తిరిగి చేర్చినప్పుడు ఆ శక్తి వెనక్కి రావాలి. సూక్ష్మజీవికీ జబ్బుకూ సంబంధాన్ని తేల్చడానికి రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త పెట్టిన పాత నియమాలను ఫాల్కో జన్యువుల స్థాయికి తెచ్చాడు. బ్యాక్టీరియాలో దీన్ని పాటించడం అంత కష్టం కాదు. జన్యువుకు ఒకే కాపీ ఉంటుంది, పెరుగుదల వేగం, బయటి డీఎన్ఏను లోపలికి పంపే మార్గాలు బోలెడు. ఫంగస్‌ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కో జాతి ఒక్కో రకంగా అడ్డం తిరిగింది.

క్యాండిడా ఆల్బికన్స్‌నే తీసుకుందాం. చాలామంది నోట్లో, పేగుల్లో ఇది ఏ హానీ చేయకుండా ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో, యాంటీబయాటిక్‌లు మిగతా సూక్ష్మజీవులను ఊడ్చేసినప్పుడో, రక్తంలోకి పోయే గొట్టం మీద గూడు కట్టుకున్నప్పుడో జబ్బుగా మారుతుంది. దీనికి ఎనిమిది క్రోమోజోములు, ఒక్కోటి రెండేసి చొప్పున ఉంటాయి. అంటే ప్రతి జన్యువుకూ రెండు కాపీలు. ఒకదాన్ని తీసేస్తే రెండోది పని నడిపిస్తుంది కాబట్టి రెండింటినీ తీయాలి. బేకరీ ఈస్ట్‌లో అయితే సంకరం చేసి, బీజాలు విడదీసి, ఒకే కాపీ ఉన్న సంతతిని తేలిగ్గా పొందవచ్చు. క్యాండిడా ఆల్బికన్స్‌లో ఆ మామూలు లైంగిక చక్రం కనిపించలేదు. దీనికి జతకట్టే సామర్థ్యం ఉందని తెలిసిందే 1999, 2000 సంవత్సరాల్లో. ఒకే కాపీ ఉన్న రూపం కూడా ఉంటుందని బయటపడింది 2013లో. అంతవరకూ శాస్త్రవేత్తలు ఒక్కో జన్యువునూ రెండు విడతల్లో తీసేవారు.

ఆ రెండు విడతల కథ కొంచెం వివరంగా చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే ఈ రంగం నేర్చుకున్న పెద్ద గుణపాఠం అందులో ఉంది. 1993లో ఫాంజీ, ఇర్విన్ అనే ఇద్దరు ఒక పద్ధతి తెచ్చారు. యురాసిల్ తయారుచేసుకోలేని ఒక క్యాండిడా రకాన్ని తీసుకుని, తీయదలచిన జన్యువు చోట యూఆర్ఏ3 అనే జన్యువును పెట్టేవారు. ఆ జన్యువు చేరిన కణాలే యురాసిల్ లేని ఆహారంలో బతుకుతాయి కాబట్టి, మార్పు జరిగిన కణాలను ఏరడం సులువు. ఇలా గుర్తుగా వాడే జన్యువునే మార్కర్ అంటారు. తర్వాత ఆ యూఆర్ఏ3ని బయటకు పంపేసి, రెండో కాపీ మీద మళ్ళీ అదే పని. పద్ధతి బాగా పనిచేసింది. దాని సాయంతో ఫలానా జన్యువు తీసేస్తే ఎలుకల్లో జబ్బు తగ్గిందంటూ పేపర్ల మీద పేపర్లు వచ్చాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, యూఆర్ఏ3 జన్యువు జీనోమ్‌లో ఎక్కడ కూర్చుంటుందన్న దాన్ని బట్టి ఎక్కువగానో తక్కువగానో పనిచేస్తుంది. అది తక్కువగా పనిచేస్తే చాలు, ఫంగస్ ఎలుకలో సరిగా ఎదగదు. అంటే జబ్బు తగ్గింది తీసేసిన జన్యువు వల్లనా, దాని చోటులో కూర్చున్న మార్కర్ వల్లనా? కొన్ని పాత ఫలితాలను మళ్ళీ పరీక్షించాల్సి వచ్చింది. చివరికి యూఆర్ఏ3ని అన్ని రకాల్లోనూ ఒకే స్థిరమైన చోట పెట్టి పోల్చడం అలవాటు చేసుకున్నారు. తర్వాత నూర్సియోథ్రిసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును మార్కర్‌గా వాడే పద్ధతి 2004లో వచ్చాక ఈ బెడద చాలావరకు తీరింది. నూర్సియోథ్రిసిన్‌ను మనుషుల వైద్యంలో వాడరు. ల్యాబ్‌లో దాన్ని తట్టుకునే ఫంగస్ తయారైనా చికిత్సకు వాడే మందు ఒకటి చేజారదు. ఇంకో లాభం కూడా ఉంది. యురాసిల్ లోపం ఉన్న ప్రత్యేక ల్యాబ్ రకంతో పనిలేకుండా, రోగుల నుంచి సేకరించిన ఫంగస్ రకాలనే, అంటే ఐసొలేట్లనే, నేరుగా మార్చవచ్చు.

ఇంతా చేస్తే ఒక జన్యువు రెండు కాపీలు పోవడానికి వారాలు పట్టేది. ఒకే రకం పని చేసే జన్యువులు నాలుగైదు ఉంటే, అన్నింటినీ తీయాలనుకోవడం అంటే నెలల తరబడి పని. అయినా ఓపికపట్టిన వాళ్ళున్నారు. 2010లో సుజాన్ నోబుల్ బృందం 674 జన్యువులను ఒక్కొక్కటిగా రెండు కాపీలూ తీసేసిన రకాల సంగ్రహాన్ని ప్రచురించింది. క్రిస్పర్ రాకముందు చేసిన పని అది. ఈ రంగంలో పునాది వేసిన చాకిరీ అంటే అదే.

క్రిస్పర్ యంత్రాంగం గురించి ఇప్పటికే చాలా చోట్ల వచ్చింది కాబట్టి క్లుప్తంగా చాలు. క్యాస్9 అనే ప్రొటీన్ డీఎన్ఏను కోస్తుంది. ఎక్కడ కోయాలో దానితో ఉన్న గైడ్ ఆర్ఎన్ఏలోని ఇరవై అక్షరాలు చెబుతాయి. ఆ చోటు పక్కనే ఒక చిన్న నిర్ణీత వరుస కూడా ఉండాలి. దీన్ని కావలసినట్టు మలచుకోవచ్చని జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియర్ బృందాలు 2012లో చూపించాయి, 2020లో వారిద్దరికీ రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. 2013లోనే బేకరీ ఈస్ట్‌లో ఇది పనిచేసింది. కానీ క్యాస్9 చేసేది కోయడం వరకే. కోసిన చోటును అతికించేది ఆ కణమే. అతికించే అలవాటు ఒక్కో ఫంగస్‌ది ఒక్కో తీరు. ఈ రంగంలో అసలు పోరాటమంతా ఆ అలవాటుతోనే.

క్యాండిడా ఆల్బికన్స్‌లో దానికి ముందే మరో అడ్డంకి ఎదురైంది. దాదాపు ప్రాణులన్నింటిలో సీయూజీ అనే మూడక్షరాల కోడాన్‌ను చదివితే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం చేరుతుంది. ఈ క్యాండిడాలో, దాని దగ్గరి బంధువుల్లో మాత్రం ఎక్కువగా సెరిన్ చేరుతుంది. వేరే జీవి నుంచి తెచ్చిన జన్యువును ఉన్నదున్నట్టు ఇందులో పెడితే, ల్యూసిన్ ఉండాల్సిన చోట్ల సెరిన్ వచ్చి ప్రొటీన్ పనికిరాకుండా పోవచ్చు. క్యాస్9 జన్యువును ఈ ఫంగస్ చదివే తీరుకు తగ్గట్టు తిరగరాయాల్సి వచ్చింది. 2015లో వాల్మీక్ వ్యాస్, ఇన్మకులాడా బరాసా, జెరాల్డ్ ఫింక్ ఆ పని చేసి చూపించారు. ఒకే విడతలో రెండు కాపీలూ మారాయి. మందును కణం నుంచి బయటకు తోడేసే సీడీఆర్1, సీడీఆర్2 అనే రెండు జన్యువులనూ కలిపి ఒకేసారి దెబ్బతీయగలిగారు. ఆ మరుసటి ఏడాదే ఆరన్ మిచెల్ బృందం క్యాస్9 జన్యువును జీనోమ్‌లో శాశ్వతంగా అతికించనక్కర లేకుండానే, తాత్కాలికంగా లోపలికి పంపినా పని జరుగుతుందని చూపించింది. పని ముగిశాక కోసే ప్రొటీన్ కణంలో మిగిలిపోదు. తర్వాతి ప్రయోగాల్లో అది కలగజేసుకుంటుందేమోనన్న టెన్షన్ కూడా ఉండదు.

తీసేస్తే కణమే చచ్చిపోయే జన్యువుల మాటేమిటి? మందుల వేటలో అసలు ముఖ్యమైనవి అవే. వాటి కోసం కోసే శక్తి పోగొట్టిన క్యాస్9ను వాడతారు. అది జన్యువు మీద వెళ్ళి కూర్చుని, దాని పనిని అణచివేస్తుంది, కోయదు. జన్యువు పూర్తిగా పోకుండా, పని మాత్రం మందగిస్తుంది. 2019 నుంచి క్యాండిడా ఆల్బికన్స్‌లో ఈ తరహా వాడుక మొదలైంది. నిజానికి ఒక మందు కణంలో చేసేది కూడా ఇంచుమించు ఇలాంటిదే కాబట్టి, మందు లక్ష్యాన్ని అంచనా వేయడానికి జన్యువును పూర్తిగా తీసేయడం కంటే ఇదే నమ్మదగ్గ పరీక్ష అనిపిస్తుంది.

ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ ఇబ్బంది వేరే. ఇది బూజు. గాల్లో తేలే దీని బీజాలను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం. జన్యువుకు ఒకే కాపీ ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. కానీ డీఎన్ఏ తెగితే, దానికి ఇచ్చిన నమూనా చూసి అతికించుకోవడం దీనికి పెద్దగా అలవాటు లేదు. తెగిన రెండు కొసలనూ ఎలాగోలా కలిపేసుకుంటుంది. పంపిన కొత్త డీఎన్ఏ ఎక్కడ పడితే అక్కడ చేరుతుంది. అందుకే 2006 ప్రాంతంలో, కొసలు కలిపే యంత్రాంగంలోని ఒక కీలక జన్యువును ముందుగా తీసేసిన రకాలను తయారుచేశారు. వాటిలో కావలసిన చోట మార్పు చేయడం బాగా సులువైంది. కాకపోతే అది డీఎన్ఏను బాగుచేసుకునే శక్తి కొంత పోయిన ఫంగస్. దాన్ని పట్టుకుని రోగి నుంచి వచ్చిన ఫంగస్ గురించి ఎంతవరకు చెప్పగలం అన్న సందేహం ఉండనే ఉంది.

2015లో కెవిన్ ఫుల్లర్, సహచరులు ఈ బూజులో క్రిస్పర్ పనిచేస్తుందని చూపడానికి ఎంచుకున్న జన్యువు పీకేఎస్‌పీ. బీజాల ఆకుపచ్చ-బూడిద రంగుకు కారణమైన జన్యువు అది. దెబ్బతింటే బీజాలు తెల్లబడతాయి, ప్లేటు చూడగానే ఎన్నింటిలో పని జరిగిందో కంటికే తెలిసిపోతుంది. 2017లో ఫోర్ట్‌వెండెల్ బృందం మరో అడుగు వేసింది. క్యాస్9 ప్రొటీన్‌ను, గైడ్ ఆర్ఎన్ఏను పరీక్షనాళికలోనే కలిపి, కణగోడ కరిగించిన ఫంగస్ కణాల్లోకి నేరుగా పంపింది. క్యాస్9 జన్యువును ఫంగస్ చేత చదివించాల్సిన పనే లేదు. నమూనా డీఎన్ఏకు రెండు వైపులా నలభై అక్షరాల లోపు పోలిక ఉన్నా సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మరమ్మతు యంత్రాంగం చెక్కుచెదరని, మందుకు లొంగని అసలు ఐసొలేట్లలో కూడా ఇది చేయవచ్చు.

అజోల్ నిరోధకత విషయంలో దీని ప్రాధాన్యం తెలుస్తుంది. అజోల్స్ దాడి చేసేది ఫంగస్ కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం తయారీలో భాగమైన ఒక ఎంజైమ్ మీద. ఆస్పర్‌జిల్లస్‌లో దాన్ని తయారుచేసే జన్యువు సిప్51ఏ. పంటల మీద చల్లే అజోల్ మందులతో పర్యావరణంలోనే నిరోధకత పుట్టి రోగులకు చేరుతోందన్న ఆందోళనకు కేంద్రమైన మార్పు ఈ జన్యువులోనే ఉంది. జన్యువు ముందున్న నియంత్రణ భాగంలో 34 అక్షరాల ముక్క రెండుసార్లు రావడం, దానితోపాటు ప్రొటీన్‌లో 98వ స్థానంలో ల్యూసిన్ బదులు హిస్టిడిన్ చేరడం. ఈ రెండూ కలిస్తేనే పూర్తి నిరోధకత వస్తుందని, ఒక్కొక్కటి విడిగా అంత బలం చూపదని 2007లోనే జన్యువును మార్చి తేల్చారు. సీక్వెన్సింగ్ ఒక్కటే చూస్తే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. రెండు మార్పులూ ఎప్పుడూ కలిసే కనిపిస్తుంటే, అందులో ఒకటి ఉట్టి ప్రయాణికుడేమో అనుకోవడం సహజం.

సిప్51ఏలో ఏ మార్పూ లేకుండానే మందును తట్టుకునే ఐసొలేట్లూ ఉన్నాయి. వాటికి కారణం చాలాకాలం చిక్కలేదు. 2019లో జెఫ్రీ రైబక్, సహచరులు హెచ్ఎంజీ1 అనే జన్యువులోని మార్పులను పట్టుకున్నారు. స్టెరాల్ తయారీ దారిలో ఇది చాలా ముందే వచ్చే ఎంజైమ్. కొలెస్ట్రాల్ తగ్గించడానికి మనం వాడే స్టాటిన్‌లు అడ్డుకునేది మనలోని ఇదే ఎంజైమ్‌ను. ఆ మార్పులను మందుకు లొంగే రకంలో క్యాస్9తో ప్రవేశపెడితే నిరోధకత వచ్చింది. జాబితాలో ఎక్కడో కింద ఉన్న పేరు అలా రుజువుతో పైకి వచ్చింది.

అదే బృందం 2020లో క్యాండిడా ఆరిస్ మీద చేసిన పని ఇంకా శుభ్రమైన ఉదాహరణ. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి స్రావం నుంచి తొలిసారి వర్ణించిన ఈ ఈస్ట్, తర్వాత కొన్నేళ్ళకే వేర్వేరు ఖండాల్లో, ఒకదానికొకటి సంబంధం లేని జన్యు సమూహాలుగా ఆస్పత్రుల్లో కనబడింది. దీని ఐసొలేట్లలో చాలావాటిపై ఫ్లూకొనజోల్ పనిచేయదు. మందు లక్ష్యమైన ఈఆర్‌జీ11 జన్యువులోని మార్పులు కొంతవరకే దీన్ని వివరించాయి. మందును బయటకు తోడే పంపులను నియంత్రించే టీఏసీ1బీ జన్యువు మీద అనుమానం పడింది. అందులోని మార్పును లొంగే రకంలో పెట్టారు, నిరోధకత పెరిగింది. రోగి నుంచి వచ్చిన మొండి ఐసొలేట్‌లో అదే మార్పును సరిదిద్దారు, నిరోధకత తగ్గింది. పెట్టడం, సరిదిద్దడం రెండూ చేసినప్పుడే ఫాల్కో అడిగిన షరతు పూర్తయినట్టు. చాలా పరిశోధనలు మొదటి సగంతోనే ఆగిపోతుంటాయి.

క్రిప్టోకాకస్ గురించి ఎక్కువ చెప్పక్కర లేదు. హెచ్ఐవీ ఉన్నవారిలో మెదడు పొరల వాపు తెచ్చే ఈ ఈస్ట్‌లోకి డీఎన్ఏ పంపడానికి ఏళ్ళ తరబడి జీన్ గన్నే దిక్కు. సన్నని బంగారు రేణువులకు డీఎన్ఏ పూసి కణాల మీదికి పేల్చేవారు. 2018లో యుమెంగ్ ఫ్యాన్, షియావోరాంగ్ లిన్ విద్యుత్ షాక్ పద్ధతికి తాత్కాలిక క్రిస్పర్‌ను జోడించి ఆ ఖర్చుతో కూడిన యంత్రం అవసరం తగ్గించారు. కోవిడ్ కాలంలో బ్లాక్ ఫంగస్ పేరుతో భయపెట్టిన మ్యూకర్ వర్గంలోనూ పని మొదలైంది. 2017లో మ్యూకర్ సర్సినెలాయిడిస్‌లో, 2019లో రైజోపస్ డెలెమార్‌లో తొలి ఫలితాలు వచ్చాయి. వీటి ఒక్కో బీజంలో చాలా కేంద్రకాలు ఉంటాయి. ఒక కేంద్రకం మారి పక్కది మారకపోతే ఫలితం కలగాపులగమవుతుంది. అన్నీ మారిన రకం దొరికేవరకు తరం తర్వాత తరం ఏరుకుంటూ పోవాలి.

మ్యూకర్ ఈ రంగానికి మరో విధంగానూ ఇబ్బంది పెట్టింది. అనుమానితుల జాబితా ఖాళీగా ఉంటే ఏం చేయాలి? 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎఫ్‌కే506 అనే మందును తట్టుకున్న మ్యూకర్ రకాల్లో కొన్నింటిలో సంబంధిత జన్యువులో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఫంగస్ తన సొంత చిన్న ఆర్ఎన్ఏలతో ఆ జన్యువు నోరు నొక్కేసింది. మందు లేనిచోట కొన్ని తరాలు పెరిగితే మళ్ళీ మామూలైపోయింది. డీఎన్ఏ అక్షరాలను మార్చి రుజువు చేసే పద్ధతికి ఇలాంటివి అంత సులభంగా చిక్కవు. క్యాండిడా ఆల్బికన్స్‌లో ఇంకో రకం. 2006లో అన్నా సెల్మెకీ, జుడిత్ బెర్మన్ బృందం చూపించినట్టు, ఫ్లూకొనజోల్‌ను తట్టుకునే కొన్ని రకాల్లో అయిదో క్రోమోజోమ్ ఎడమ సగం అదనంగా చేరి ఉంటుంది. మందు లక్ష్యమైన ఈఆర్‌జీ11, పంపులను నియంత్రించే టీఏసీ1 రెండూ ఆ సగంలోనే ఉన్నాయి. జన్యువులు మారలేదు, సంఖ్య పెరిగింది అంతే.

క్రోమోజోముల సంఖ్య ఇలా మారే గుణమే ఎడిటింగ్ ఫలితాలనూ తప్పుదారి పట్టించగలదు. డీఎన్ఏను కణంలోకి పంపేటప్పుడు వేడి, విద్యుత్తు, రసాయనాల ఒత్తిడి తప్పదు. ఆ ఒత్తిడిలో క్రోమోజోమ్ ఒకటి ఎక్కువో తక్కువో కావచ్చు. క్యాస్9 ఒక కాపీని కోస్తే, కణం రెండో కాపీని చూసి బాగుచేసుకునే క్రమంలో పక్కనున్న పెద్ద భాగంలో రెండు కాపీల మధ్య ఉన్న సహజమైన తేడాలు తుడిచిపెట్టుకుపోవచ్చు. బయటికి మాత్రం జన్యువు అనుకున్నట్టే మారినట్టు కనబడుతుంది. గైడ్ తప్పుచోట కోస్తుందేమోనన్న భయం గురించి అందరూ మాట్లాడతారు గానీ, చిన్న జీనోమ్ ఉన్న ఈస్ట్‌లలో సరైన గైడ్ ఎంచుకుంటే అది అదుపులో ఉంచదగ్గ సమస్యే. కోసిన చోటే జరిగే ఈ దొంగచాటు మార్పులు అంతకంటే ప్రమాదమని అనిపిస్తుంది. విడివిడిగా తయారైన రెండు మూడు రకాల్లో ఒకే ఫలితం రావడం, తీసిన జన్యువును తిరిగి చేర్చి చూడటం, వీలైతే మారిన రకం జీనోమ్‌ను మళ్ళీ చదివించడం, ఈ మూడూ జరిగిన పేపర్‌నే గట్టిగా నమ్మాలి. పద్ధతి తేలికైన కొద్దీ ఈ జాగ్రత్తలు తగ్గే ప్రమాదం ఎక్కువ.

ఇంకో లోపం సాంకేతికమైనది కాదు, అలవాటుది. క్యాండిడా ఆల్బికన్స్ గురించి తెలిసినదాంట్లో అధికభాగం ఎస్‌సీ5314 అనే ఒకే ఒక రకం నుంచీ, దాని సంతతి నుంచీ వచ్చింది. క్రిస్పర్ వచ్చాక ఇతర ఐసొలేట్లలో అదే జన్యువును తీయడం సులువైంది. 2019లో మిచెల్ బృందం, కణాలు గుంపుగా అతుక్కుని కట్టే పొర అయిన బయోఫిల్మ్‌ను నియంత్రించే కొన్ని జన్యువులను ఐదు వేర్వేరు క్లినికల్ ఐసొలేట్లలో తీసి చూసింది. కొన్నింటి ప్రభావం అన్నిచోట్లా ఒకేలా ఉంది, కొన్నింటిది ఐసొలేట్‌ను బట్టి మారిపోయింది. ఒక రకంలో కీలకం అనిపించిన జన్యువు ఇంకో రకంలో అంత ముఖ్యం కాకపోవచ్చన్నమాట. ‘ఈ జన్యువే కారణం’ అన్న వాక్యం పక్కన ‘ఏ రకంలో’ అన్న ప్రశ్న కూడా ఉండాలి. మందు తయారుచేసే కంపెనీకైతే ఆ ప్రశ్నే అన్నిటికంటే ఖరీదైనది.

జన్యువును ఎంత సూక్ష్మంగా మార్చగలిగితే అంత మంచి జవాబు వస్తుందనడానికి క్యాండిడాలైసిన్ అనే విషం కథ చూడాలి. ఈసీఈ1 అనే జన్యువు క్యాండిడా పోగుల్లాగా సాగేటప్పుడు విపరీతంగా పనిచేస్తుందని 1990ల నుంచీ తెలుసు. ఎందుకో తెలియదు. దాని ప్రొటీన్‌ను కణం ముక్కలుగా కోసి ఎనిమిది చిన్న పెప్టైడ్లు చేస్తుంది. 2016లో లండన్, యేనా పరిశోధకులు ఆ ఎనిమిదిలో మూడోది మన కణాల పొరను చిల్లులు పొడిచే విషమని తేల్చారు. మనుషులకు జబ్బు తెచ్చే ఫంగస్‌లో దొరికిన మొట్టమొదటి పెప్టైడ్ విషం అది. జన్యువు మొత్తాన్ని కాకుండా ఆ ఒక్క ముక్కకు సంబంధించిన భాగాన్ని మాత్రమే తీసేసిన ఫంగస్ మామూలుగానే పోగులు సాగింది, కణాల్లోకి చొచ్చుకుపోయింది, కానీ వాటిని దెబ్బతీయలేకపోయింది. పోగు సాగడం వేరు, హాని చేయడం వేరు అన్నది అక్కడ స్పష్టమైంది. ఆ పని పాత పద్ధతులతోనే చేశారు, క్రిస్పర్‌తో కాదు. పరికరం కంటే ప్రశ్న ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఈ రంగంలో కనబడదు.

భద్రత సంగతి కూడా ఉంది. మందును తట్టుకునే మార్పును కావాలని ఫంగస్‌లో పెట్టడం అంటే ప్రమాదం సృష్టించడం కాదా? రుజువు కోసం పెట్టే మార్పులు సాధారణంగా రోగుల్లో ఇప్పటికే తిరుగుతున్నవే, కొత్తగా కనిపెట్టినవి కావు. వాటిని ఎక్కువగా ల్యాబ్ రకాల్లోనే పెడతారు, తగిన జీవభద్రత స్థాయిలో పనిచేస్తారు. 2018లో రెబెకా షపీరో, జేమ్స్ కాలిన్స్ తదితరులు క్యాండిడా ఆల్బికన్స్‌లో జీన్ డ్రైవ్ సూత్రాన్ని వాడినప్పుడు ఈ చర్చ కాస్త ఘాటెక్కింది. ఒక మార్పు తనంతట తాను రెండో కాపీకి కూడా వ్యాపించే ఏర్పాటది. దాని ఉద్దేశం ప్రకృతిలోకి వదలడం కాదు. అరుదైన ఒంటి కాపీ రూపాలను ల్యాబ్‌లో జతకట్టించి, రెండేసి జన్యువులు పోయిన రకాలను పెద్ద సంఖ్యలో వేగంగా తయారుచేయడం. సహజ పరిస్థితుల్లో ఈ ఫంగస్ జతకట్టడం చాలా అరుదు కాబట్టి అది బయట వ్యాపించే అవకాశం తక్కువ. అయినా జీన్ డ్రైవ్ అన్న పేరు వినబడ్డ ప్రతిచోటా అదనపు జాగ్రత్తలు కోరడంలో తప్పులేదు.

ఇక చికిత్స. క్యాస్9నే మందుగా రోగికి ఇచ్చి ఫంగస్ జన్యువులను కోయించడానికి ముందు, దాన్ని ఫంగస్ మందపాటి కణగోడ దాటించాలి. ల్యాబ్‌లో గోడ కరిగించో, షాక్ ఇచ్చో చేసే పని రోగి ఊపిరితిత్తుల్లో చేయలేం. పైగా కోట్ల కణాల్లో కొన్ని తప్పించుకున్నా జబ్బు తిరగబెడుతుంది. దగ్గర్లో దారి కనిపించేది టీకాల వైపు. లోయ జ్వరం (వ్యాలీ ఫీవర్) అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే కాక్సిడియాయిడిస్‌లో సీపీఎస్1 అనే జన్యువును తీసేసిన రకం ఎలుకల్లో జబ్బు తేలేకపోయింది, పైగా అసలు ఫంగస్ నుంచి వాటిని కాపాడింది. ఈ జన్యువును మొదట గుర్తించింది మొక్కజొన్నకు తెగులు తెచ్చే ఒక ఫంగస్‌లో కావడం విశేషం. 2021లో వచ్చిన ఫలితాల్లో ఈ రకం కుక్కలకూ రక్షణ ఇచ్చింది. క్రిప్టోకాకస్‌లో కణగోడలోని కైటోసాన్ తయారీకి కావలసిన మూడు జన్యువులనూ తీసేసిన రకం కూడా ఎలుకలను కాపాడింది. రెండింటిలోనూ ఇచ్చేది జన్యువు తీసేసిన ఫంగస్‌నే. ఈ టీకాలు ఎవరికి ఎక్కువ అవసరమో చూస్తే వాళ్ళలో చాలామంది రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్ళే. కాక్సిడియాయిడిస్ రకం రోగనిరోధక శక్తి దాదాపు లేని ఎలుకల్లో కూడా జబ్బు తేలేదన్నది ఇప్పటికి ఆశ కలిగించే విషయం. మనుషుల్లో అది నిజమవుతుందో లేదో క్లినికల్ పరీక్షలే చెప్పాలి.